బూట్లు విడిచే చోటు

మహబూబ్‌నగర్
19 నవంబరు 1944

తమ్ముడు ఏసోబుకు, నీ మీద వందసార్లు కోపం తెచ్చుకుని వందసార్లూ మరిచిపోయిన అక్క జానమ్మ రాస్తున్నది.

నీ బిడ్డ నిలబడింది. ఈ మాట ముందు రాసి, క్షేమ సమాచారాలు తరువాత అడుగుదామని కూర్చున్నాను. రెండేళ్ల వయసులో జ్వరానికి పడిపోయిన కాళ్లు ఇరవై ఏళ్లకు నేల మీద ఆనాయి. మొన్న మంగళవారం డాక్టరమ్మ ఒక చెయ్యి, నేనొక చెయ్యి పట్టుకుంటే దవాఖాన వసారా ఈ కొస నుంచి ఆ కొస దాకా సుక్కమ్మ నడిచింది. పదకొండేళ్లుగా ఇక్కడ ఆయాగా ఎన్నో పుండ్లు కడిగాను, ఎన్నో చావులు చూశాను, ఎప్పుడూ ఏడవలేదు. ఆ రోజు మాత్రం గోడ వైపు తిరిగి ఏడ్చాను.

నువ్వు పంపిన తోలు పట్టీలు సరిగ్గా సరిపోయాయి. బజారులో ఇనుప పని చేసే హమీద్ ఒక్కో కాలికి రెండు కడ్డీలు సాగగొట్టి, వాటిని బూటు అడుగుకే మేకులు వేసి బిగించాడు. బూటు విప్పితే కడ్డీ కూడా ఊడి వస్తుంది. కడ్డీ లేకపోతే ఆమె నిలబడలేదు. ఇది బాగా గుర్తు పెట్టుకో. ఇంట్లో చాప మీద పాకితే ఫరవాలేదు కానీ, రాళ్ల నేల మీద పాకకూడదు. మోకాలి దగ్గర కోసి కుట్టిన చోటు పగిలి చీము ఎముక దాకా పోతే కాలు తీసేయాల్సి వస్తుందని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

ఇంకో మాట. ఆమె ఇక్కడున్న ఏడు నెలల్లో చదవడం, రాయడం నేర్చింది. మీ పక్క ఊరి ప్రార్థన ఇంట్లో ఆదివారం పిల్లలకు అక్షరాలు చెప్పే పని ఆమెకు ఇమ్మని పాస్టరయ్యకు రాశాను, ఆయన సరే అన్నాడు.

గురువారం చౌటుప్పల్‌లో మోటారు దిగుతుంది. బండి కట్టించుకుని ముందే వచ్చి కూర్చో, నీ అలవాటు చొప్పున ఆలస్యం చేయకు. దేవుడు మనిషిని తన పోలికలో చేశాడని ఇన్నేళ్లుగా వింటూనే ఉన్నాను. గొడ్డులా నేల చూస్తూ పాకిన పిల్ల తల ఎత్తి నిలబడినప్పుడు, ఆ పోలిక నా కళ్లతో చూశాను. మరదలు బిక్షమ్మకు చెప్పు, దిష్టి తీయవద్దు, ప్రార్థన చేయమను.

మీ అక్క
జానమ్మ

మోత్కూర్ దగ్గర మన గూడెం
12 డిసెంబరు 1944

అక్కకు, ఈసారి ఆలస్యం చేయని తమ్ముడు ఏసోబు రాసేది.

బండితో ఒక పూట ముందే వచ్చి కూర్చున్నాను. మోటారే ఆలస్యంగా వచ్చింది. కనుక ఆ మాట వెనక్కి తీసుకో.

గూడెమంతా వచ్చి చూసింది. బిక్షమ్మ బిడ్డను గోడకు ఆనించి నిలబెట్టి, నెత్తి మీద చెయ్యి పెట్టి కొలిచి, తన కంటే నాలుగు వేళ్ల పొడుగు ఉందని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. ఇరవై ఏళ్లు కన్నబిడ్డ పొడుగు తెలియకుండా బతికాము, చూడు. పని మీద వచ్చిన ఐలేశం బాబాయి, "పిల్ల ఇప్పుడు మనకంటె పైనున్నది, మర్యాదగ మాట్లాడాలె" అని నవ్వించాడు.

హమీద్ పని గట్టిది. ఎడమ బూటు అడుగున ఒక మేకు కొంచెం కదులుతోంది, నేను చూసుకుంటాను. ఇనుము ఆయనది, తోలు నాది. తంగేడు బెరడు నీళ్లలో మూడు వారాలు నానిన తోలది, పదేళ్లు రాకపోతే నన్ను అడుగు.

ఆదివారం క్లాసుకు పోతోంది. పదకొండు మంది పిల్లలు వస్తున్నారు. దారి నీకు తెలిసిందే, దొర ఉండే గడి ముందు నుంచే పోవాలి, వాగు వైపు పోతే బురదలో కడ్డీలు దిగబడతాయి. గడి దగ్గర మాత్రం కాసేపు ఆగి పోవలసి వస్తున్నది. అంతే, ఫికరు చేయకు.

నీ తమ్ముడు
ఏసోబు

మహబూబ్‌నగర్
2 జనవరి 1945

తమ్ముడికి కొత్త సంవత్సరపు దీవెనలు.

నీ ఉత్తరం డాక్టరమ్మకు చదివి వినిపించాను. గడి దగ్గర ఆగవలసి వస్తున్నదని రాశావు. ఆగి చూడరా మరి? వాళ్ల కళ్ల ముందు ఇరవై ఏళ్లు పాకిన పిల్ల నడిచి పోతుంటే గడి వాళ్లకైనా వింతే. చూడనీ. పెద్ద దొర మేడ మీది నుంచి చూశాడా? ఏమన్నాడు? నువ్వు సిగ్గుపడి రాయవు కానీ, నాకు ఆ సంగతులన్నీ వివరంగా రాయాలి. ఇక్కడ వార్డులో రోజూ అడుగుతున్నారు. మంచం పట్టిన ఆడపిల్లలు ముగ్గురు సుక్కమ్మ కథ విని తమకూ బూట్లు కావాలంటున్నారు.

మోకాలి మచ్చ ఎలా ఉంది? ఆ సంగతి రాయలేదు.

నాకు చలికి దగ్గు పట్టుకుంది. మిరియాల కషాయం తాగుతున్నాను. నువ్వు కుట్టిన చెప్పులు ఇంకా నా కాళ్లకే ఉన్నాయి, మడమ అరిగింది.

జానమ్మ

మన గూడెం
13 ఫిబ్రవరి 1945

అక్కకు,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చింపాను. గడి వాళ్లు వింత చూస్తున్నారని నువ్వు సంతోషపడుతున్నావు. ఇక దాచలేను.

గడి ముందు మన గూడెం వాళ్లు చెప్పులు విడిచి చేతిలో పట్టుకుని పోవాలని నీకు గుర్తుందా? నువ్వు పాలమూరు దవాఖానకు పోయి పదకొండేళ్లయింది, మరిచిపోయి ఉంటావు. మొదటి ఆదివారమే గడి మనిషి కాటమయ్య అడ్డం వచ్చాడు. "ఏందిరా ఏసోబు, నీ బిడ్డ గడి ముందల బూట్లేసుకోని పోతాంది?" అన్నాడు. "అవి బూట్లు గావు అయ్యా, కాళ్లు" అన్నాను. నవ్వాడు. తరువాతి వారం నేను చెప్పులు విడిచి బిడ్డను వీపున ఎక్కించుకున్నాను. దానికి కాటమయ్యకు ఇంకా కోపం వచ్చింది. బూట్లు నా నడుము దాకా లేచాయట, గడప కంటే ఎత్తున పోయాయట. సరే అని బూట్లు విప్పి మూట కట్టి, బిడ్డను మోస్తానన్నాను. అప్పుడు దొర మేడ మీది నుంచి చూసి ఒకే మాట అన్నాడు. "ముందుగాల ఎట్ల పోయేదో గట్లనే పొమ్మను. మామూలు తప్పొద్దు."

మామూలంటే పాకడం. పది ఆదివారాలుగా నీ మేనకోడలు గడి మూల మీద కూర్చుని పట్టీలు విప్పుతుంది. నేను బూట్లు బట్టలో చుట్టి పట్టుకుంటాను. ఆ మూల నుంచి ఈ మూల దాకా రాళ్ల మీద పాకి, మళ్లీ కట్టుకుంటుంది. నేను పక్కనే నడుస్తాను. పిల్లలకు అక్షరాలు చెప్పేటప్పుడు మాత్రం నవ్వుతూనే ఉంటుంది. మచ్చ పగిలింది. చీము పడుతోంది. పసుపు పెడుతున్నాము.

ఇంకొకటి కూడా రాయాలి. నా మనసులో ఉంచుకుంటే నీ మీద కోపంగా మారుతుంది. గొడ్డులా పాకిన పిల్ల నిలబడితే దేవుని పోలిక కనిపించిందని రాశావు. బిడ్డ ఇంటికి వచ్చాక ఆ ఉత్తరం తీసి తనే మళ్లీ నాకు చదివి వినిపించింది అక్కా. చదివి, మడిచి నా చేతికిచ్చింది. ఇరవై ఏళ్లు ఆమె పాకుతూనే ఇల్లు ఊడ్చింది, పాకుతూనే నాకు నీళ్లు తెచ్చింది, నా పక్కన కూర్చుని దారానికి మైనం పెట్టింది. అప్పుడు ఎవరి పోలిక?

ఏసోబు

మహబూబ్‌నగర్
22 ఫిబ్రవరి 1945

ఏసోబుకు,

పది ఆదివారాలు. పది ఆదివారాలు నువ్వు బూట్లు మూట కట్టి పట్టుకుని పక్కన నడిచావు. మన నాయిన కూడా ఇలాగే నడిచాడు, నేను చూశాను. అందుకే ఆ ఊరు విడిచి వచ్చాను. నేను రాసిన ఒక్క మాట పట్టుకుని నువ్వు నన్ను తప్పు పడుతున్నావు. నేను మాట అన్నాను, వాళ్లు చేతలు చేస్తున్నారు. ముందు అటు చూడు.

డాక్టరమ్మ దగ్గర కూర్చుని ఒక కాగితం రాయించాను. ఇవి చెప్పులు కావని, రోగి కాలిలో భాగమని, విప్పి పాకిస్తే కాలు పోతుందని దొరకు అర్థమయ్యేలా ఉర్దూలో రాయించి, దవాఖాన ముద్ర వేయించాను. దీనితో పంపుతున్నాను. తీసుకుపోయి గడిలో ఇవ్వు. చదువుకున్నవాళ్లు, కాగితానికి విలువ ఇస్తారు.

లోపల ఇంకో చిన్న కాగితం సుక్కమ్మకు. అది నువ్వు చదవవద్దు. నీకెలాగూ అడిగితే చెబుతుంది. ఏ మనిషి కోసమూ బూట్లు విప్పవద్దని రాశాను.

జానమ్మ

మన గూడెం
10 మార్చి 1945

అక్కకు,

కాగితం ఇచ్చాను. ఇవ్వకుండా ఉంటే బాగుండేది.

దొర దాన్ని చదివించుకున్నాడు. నన్ను గేటు లోపల, చెప్పులు విడిచే చోట నిలబెట్టారు. చదవడం అయ్యాక దొర తమలపాకు నములుతూ కూర్చున్నాడు. తరువాత అన్నాడు, "కాళ్లే అని రాసిండ్రా? కాళ్లయితే విప్పుడెందుకు, కోసుడే." కోపంగా అనలేదు అక్కా. కూరగాయల సంగతి మాట్లాడినట్టు అన్నాడు. కాగితం తిరిగి ఇవ్వలేదు.

మర్నాడు కాటమయ్య మా గుడిసెకు వచ్చాడు. ఎప్పుడూ రానివాడు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. నా తోలు కోసే కత్తి చేతిలోకి తీసుకుని అంచు వేలితో చూసి, "మంచి పదునున్నది" అన్నాడు. మళ్లీ ఉన్నచోటనే పెట్టి పోయాడు. దొరకు ఉగాదికి కొత్త కిర్రుచెప్పులు కావాలని చెప్పి మరీ పోయాడు. ఊరికే కుట్టి ఇవ్వడం మాకు ఎప్పుడూ ఉన్నదే. ఈసారి కొలత కాగితం తీసుకున్నాక కత్తిని చూరులో దాచాను.

పాస్టరయ్యను అడిగాను. ఆయన మంచివాడే కానీ భయస్తుడు. దేవుని ఎదుట చెప్పులు విడవమని వాక్యంలోనే ఉంది కదా, తగ్గి ఉంటే తప్పేమిటి అన్నాడు. సుక్కమ్మ అక్కడే ఉంది. "అది దేవుని ముందల గద అయ్యా" అన్నది. ఆయన తల వంచుకున్నాడు.

రెండు వారాల్లో మట్టల ఆదివారం. గూడెం నుంచి అందరూ ఈత మట్టలు పట్టుకుని పాడుతూ ప్రార్థన ఇంటికి పోతారు, నీకు తెలుసు. ఆ రోజు బూట్లతోనే పోతానంటోంది. నీ చిట్టీ వల్లనే అని నేను అరిచాను. ఆమె ఏమన్నదో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. "అత్త రాసిందని కాదు బాపు. నేను ఇంట్ల పాకుత, పొయ్యి కాడికి పాకుత. అది నా నడకే, నాకు సిగ్గు లేదు. గడి ముందల పాకేది నా నడక కాదు, వాళ్లు నాతోని ఆడిచ్చే ఆట."

బిక్షమ్మ రెండు రోజులుగా అన్నం ముట్టడం లేదు.

ఏసోబు

మహబూబ్‌నగర్
18 మార్చి 1945

తమ్ముడా,

నీ ఉత్తరం ఇవాళ అందింది. తొందరలో ఇలా గజిబిజిగా రాస్తున్నాను.

నా కాగితం తప్పు. చిట్టీ తప్పు. పాలమూరులో కూర్చుని ధైర్యం రాయడం తేలికని నాకు తెలియలేదు. సుక్కమ్మను ఆపు. మట్టల ఆదివారం ఇంట్లోనే ఉంచు, జ్వరమని చెప్పు. బండి దొరికితే చౌటుప్పల్ తీసుకువచ్చి మోటారు ఎక్కించు. ఇక్కడ నా గదిలో ఉంటుంది.

నువ్వు అడిగిన ప్రశ్న నన్ను నిద్ర పోనివ్వడం లేదు. పదకొండేళ్లుగా కాళ్లు లేనివాళ్లను, వేళ్లు పోయినవాళ్లను నా చేతులతో కడిగాను. అయినా నా సొంత మేనకోడలిని గొడ్డుతో పోల్చాను. ఆమె పాకినప్పుడూ ఆయన పోలికే. నేనే చూడలేదు. నేను ఏడుస్తూ ఈ మాట రాశానని ఆమెకు చదివి వినిపించు. కాదు, ఆమెనే చదవమను.

ఆపు తమ్ముడా.

జానమ్మ

మన గూడెం
23 మార్చి 1945

అక్కకు,

నీ జవాబు ఇంకా రాలేదు. వచ్చేదాకా ఆగలేక రాస్తున్నాను. ఎల్లుండే ఆదివారం.

దొర కిర్రుచెప్పులు కుట్టడానికి కూర్చున్నాను. మంచి తోలు, లేత దూడ తోలు. అడుగులు కోశాను. కోశాక చూస్తే అవి నా కాలి కొలతకు కోశాను. కావాలనే కోశానో, చెయ్యి తప్పిందో దేవుడికి తెలుసు. నలభై ఎనిమిదేళ్లకు మొదటిసారి నా కోసం కొత్త జత కుట్టుకుంటున్నాను. ఇన్నాళ్లూ పాతవాటికి అతుకులే వేసుకున్నాను. కిర్రు రావడానికి రెండు పొరల మధ్య ఏం పెడతామో నీకు తెలుసు కదా, చిన్నప్పుడు నాయిన నీకే చెప్పాడు, నాకు చెప్పలేదు. నేను చూసి నేర్చుకున్నాను.

ఆదివారం బిడ్డ పక్కన నేను కూడా చెప్పులతోనే నడుస్తాను. వద్దని ఆమెను ఆపలేకపోయాను. ఆమె ఒక్కతే తప్పు చేసినట్టు కనిపించకూడదు, ఇద్దరం చేస్తే కాటమయ్య ముందు నా వైపే వస్తాడు. నాకు భయంగా ఉంది. ఉన్నది దాచి ఏం లాభం?

బిక్షమ్మకు చెప్పుల సంగతి చెప్పలేదు. గడి కోసమే అనుకుంటోంది.

ఏసోబు

మన గూడెం
2 ఏప్రిల్ 1945

అత్తకు సుక్కమ్మ రాసేది.

బాపు రాయలేడు, అందుకని నేను రాస్తున్నాను. నా అక్షరాలు వంకరగా ఉంటాయి, నవ్వకు. నీ ఉత్తరం మొన్న గురువారం వచ్చింది. చదివాను. రెండుసార్లు చదివాను. నీ మీద నాకేమీ లేదు అత్తా.

మట్టల ఆదివారం గూడెం వాళ్లం ఇరవై ఆరు మంది పోయాము. గడి మూల మీద నేను కూర్చోలేదు. బాపు అక్కడే తన కొత్త చెప్పులు తొడుక్కున్నాడు. నడుస్తుంటే కిర్రుమన్నాయి. పాడేవాళ్లు పాట ఆపేశారు, ఆ చప్పుడొక్కటే వినిపించింది. గూడెం మనిషి చెప్పులు గడి ముందు చప్పుడు చేయడం నేనెప్పుడూ వినలేదు. బాపు అటూ ఇటూ చూడలేదు. నేను మేడ వైపు చూశాను.

గేటు దాటే ముందు కాటమయ్యా, ఇంకో ఇద్దరూ వచ్చారు. నన్ను ముట్టలేదు. "బూట్లు ఏ చేత్తో కుట్టినవురా?" అని బాపును అడిగారు. బాపు కుడి చెయ్యి చూపించాడు. లోపలికి తీసుకుపోయారు. అప్పటికే ఒకడు మా ఇంటికి పోయి, పని ఉందని అడిగి బాపు తోలు కొట్టే రాయి తెచ్చాడు. ఇంట్లో ఉన్న అమ్మ తన చేతులతోనే ఎత్తి ఇచ్చింది. ఎందుకో తెలియదు కదా. ఇప్పుడు ఆమె ఆ చేతులను చూసుకుంటూ కూర్చుంటోంది.

నేను గేటు బయట నిలబడే ఉన్నాను. కూర్చోమన్నా కూర్చోలేదు. మిగతావాళ్లు పోతారనుకున్నాను, ఎవరూ పోలేదు. మట్టలు పట్టుకుని నా వెనుకే నిలబడ్డారు. బాపు అరుపు ఒక్కసారే వినిపించింది.

బయటికి వచ్చినప్పుడు చేతికి తన తలగుడ్డ చుట్టుకుని ఉన్నాడు. నాలుగు వేళ్లు నలిగిపోయాయి, బొటనవేలు మిగిలింది. కాళ్లకు చెప్పులు లేవు. దొర మేడ మీది నుంచి అందరికీ వినపడేలా చెప్పాడు. "పిల్ల బూట్ల జోలికి పోకుండ్రి. కుట్టినోని చెయ్యి పోయింది. ఆ పట్టీలు తెగేదాక నడువనీ, తెగినంక అదే పాకుతది."

మేము ప్రార్థన ఇంటికి పోయాము. బాపును ఐలేశం తాత బండి మీద మోత్కూర్ తీసుకుపోయి కట్టు కట్టించాడు. నీ దగ్గరికి రమ్మంటే బాపు వినడం లేదు. నేనూ రాను. పిల్లలు పదకొండు మంది ఉండేవారు, నిన్న ఈస్టర్ పండుగ నాడు ఐదుగురే వచ్చారు. మిగతావాళ్లను ఇంట్లోంచి పంపలేదు. నిన్న పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ గడి ముందు ఎవరూ అడ్డం రాలేదు. కాటమయ్య గేటు దగ్గర కూర్చుని నా కాళ్ల వైపే చూశాడు. రోజులు లెక్క పెడుతున్నట్టున్నాడు.

బాపు నిన్న మొదటిసారి నవ్వాడు. కట్టు కట్టిన చెయ్యి ఎత్తి చూపించి, "నేనిప్పుడు ఎవరి పోలిక? మీ అత్తనడిగి రాయి" అన్నాడు. నువ్వేం రాస్తావో నాకు తెలుసు, బాపుకు కూడా తెలుసు. అయినా రాయి.

ఎడమ బూటు పట్టీ మేకు దగ్గర అప్పుడే చీలింది. ఇవాళ పొద్దున బాపు చెబుతుంటే నేనే తోలుకు తూట్లు వేసే ఆరెతో పొడిచి కుట్టాను. ఇరవై ఏళ్లు పక్కన కూర్చుని దారానికి మైనం పెట్టాను కానీ, ఆరె పట్టడం ఇదే మొదలు. మొదటి వరస వంకర పోయింది. విప్పమన్నాడు, విప్పాను. మూడోసారి వేసింది బాపు ఎడమ చేత్తో లాగి చూసి, ఇంకో వరస కూడా వేయమన్నాడు.

హమీద్ దగ్గర చిన్న మేకులు ఒక గుప్పెడు తీసుకుని పంపు. లావువి వద్దు, బూటు అడుగుకు కొట్టేవి కావాలి.

నీ కోడలు
సుక్కమ్మ